బుర్ర ఎవరిది, మనసు ఎవరిది? వోల్ఫ్స్‌బర్గ్ ఇటాలియన్ల ప్రేమలు

ఎపిసోడ్‌లో రెండు నిమిషాల్లో దాటేసిన సినిమా దగ్గర ఇక్కడ కాస్త తీరిగ్గా ఆగుదాం. పేరు 'పాలెర్మో ఓడర్ వోల్ఫ్స్‌బర్గ్', అంటే పాలెర్మోనా వోల్ఫ్స్‌బర్గా అని. తీసింది జర్మన్ దర్శకుడు వెర్నర్ ష్రోటర్. 1980 బెర్లిన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో మరో సినిమాతో కలిపి గోల్డెన్ బేర్ అవార్డు వచ్చింది. రచనలో జుసెప్పె ఫావా చెయ్యి కూడా ఉంది. ఆయన సిసిలీ జర్నలిస్టు. నాలుగేళ్ల తర్వాత, 1984 జనవరిలో, మాఫియా ఆయన్ని కటానియాలో కాల్చి చంపింది.

కథ చెప్పడానికి తేలికే. సిసిలీలో ఓ పేద ఊరినుంచి నికోలా అనే కుర్రాడు పని కోసం వోల్ఫ్స్‌బర్గ్ వస్తాడు. బ్రిగిట్టె అనే జర్మన్ అమ్మాయిని ప్రేమిస్తాడు. ఆ అమ్మాయికి ఇతనిమీద పెద్ద ఇదేమీ లేదు, ఇంకొకడికి అసూయ పుట్టించడానికి ఇతన్ని వాడుకుంటోంది. అది తెలిశాక నికోలా కత్తి తీస్తాడు. ఇద్దరు జర్మన్ కుర్రాళ్ళు చనిపోతారు. మిగతా సినిమా అంతా కోర్టు. విచారణ అతనికి అనుకూలంగా తిరిగి, ఇక బయటపడతాడనుకున్న సమయంలో, అంతసేపూ నోరు విప్పని నికోలా లేచి చంపాలనే చంపానని ఒప్పుకుంటాడు.

దాదాపు మూడు గంటల సినిమా. ఓపిక ఉంటే చూడండి, చూడదగ్గదే. కానీ దీనితో నాకో పేచీ ఉంది. సిసిలీ అంటే ఎండ, పాట, ఆవేశం. జర్మనీ అంటే చలి, యంత్రం, చట్టం. దక్షిణం వాళ్ళది మనసు, ఉత్తరం వాళ్ళది బుర్ర. ఈ పంపకం ష్రోటర్ కనిపెట్టింది కాదు, యూరప్‌లో శతాబ్దాలుగా ఉన్నదే. మన దగ్గర కూడా ఫలానా జిల్లావాళ్ళు లెక్కలమనుషులు, ఫలానావాళ్ళు ఆవేశపరులు అని మాట్లాడుకుంటాం కదా, అదే రకం. పేచీ ఏమిటంటే, నేనుండే ఈ ఊళ్ళో నిజంగా జరిగిన చరిత్ర చూస్తే ఆ పంపకం చాలావరకు తిరగబడి కనిపిస్తుంది.

కథ 1961 ఆగస్టులో మొదలవుతుంది. బెర్లిన్ గోడ లేచింది. వోల్ఫ్స్‌బర్గ్ తూర్పు జర్మనీ సరిహద్దుకి కూతవేటు దూరంలో ఉన్న ఊరు. అప్పటిదాకా తూర్పునుంచి వచ్చేవాళ్ళతో ఫోక్స్‌వ్యాగన్ ఫ్యాక్టరీకి మనుషుల కరువు లేదు. గోడతో ఆ దారి మూసుకుపోయింది. బీటిల్ కారుకి గిరాకీ మాత్రం తగ్గలేదు. జర్మనీ, ఇటలీ మధ్య కార్మికుల ఒప్పందం 1955 డిసెంబర్ 20నే కుదిరి ఉంది. కంపెనీ అధినేత హైన్రిష్ నార్డ్‌హాఫ్ కాథలిక్, చర్చి వర్గాల్లో పరిచయాలున్నవాడు. 1962 జనవరిలో మొదటి ఇటాలియన్లు రైలు దిగారు. ఏడాది తిరిగేసరికి మూడు వేలు దాటారు. దాదాపు అందరూ మగవాళ్ళే, ఎక్కువమంది వయసులో ఉన్నవాళ్ళు. కొందరు పెళ్లికానివాళ్ళు, కొందరు పెళ్ళాంపిల్లల్ని ఊళ్ళో వదిలి వచ్చినవాళ్ళు.

వాళ్ళకోసం కంపెనీ బెర్లినర్ బ్రూకే అనే వంతెన దగ్గర, ఇప్పుడు ఫుట్‌బాల్ స్టేడియం ఉన్న వైపు, రెండంతస్తుల చెక్క ఇళ్ళు కట్టించింది. ఊరివాళ్ళు దాన్ని ఇటాలియన్ల ఊరు అనేవాళ్ళు. చుట్టూ కంచె, గేటు, గేటు దగ్గర కాపలా. లోపలికి ఆడవాళ్ళని రానిచ్చేవాళ్ళు కాదు. 1962 నవంబర్‌లోనే అక్కడ పెద్ద గొడవ అయింది. జబ్బుపడ్డ ఒక తోటి కార్మికుడికి వైద్యం సమయానికి అందలేదని జనం తిరగబడ్డారు, పని ఆపేశారు. చాలామందిని ఇంటికి పంపేశారు.

ఆ కంచె గురించి రాసేటప్పుడు సాధారణంగా 'అయ్యో పాపం' స్వరం వస్తుంది. హెడ్విగ్ రిష్టర్, రాల్ఫ్ రిష్టర్ అనే ఇద్దరు చరిత్రకారులు వోల్ఫ్స్‌బర్గ్ ఇటాలియన్ల మీద 2012లో పుస్తకం తెచ్చారు. వాళ్ళ వాదన కాస్త ఘాటైనది: వలస కార్మికుల్ని ఎప్పుడూ బాధితులుగానే చూపించడం మానండి, వాళ్ళు తెలిసి, ఆలోచించి, లాభనష్టాలు బేరీజు వేసుకుని వచ్చిన మనుషులు అని. మొదట చదివినప్పుడు నాకు చిరాకేసింది. తర్వాత ఒప్పుకోక తప్పలేదు. ఎందుకంటే ఇది మనకి తెలిసిన మనిషి కథే. తెలంగాణలో 'బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి' అనే మాట వింటూ పెరిగినవాళ్ళకి ఈ లెక్క విడమర్చి చెప్పనక్కర్లేదు. నిజామాబాద్ నుంచో జగిత్యాల నుంచో గల్ఫ్‌కి పోయినవాడు కంపెనీ క్యాంపులో, బంకు మంచం మీద ఏం చేస్తాడు? అప్పు తీర్చాలి, చెల్లి పెళ్లి చెయ్యాలి, ఇంటి స్లాబ్ వెయ్యాలి. రెండేళ్లు ఓర్చుకుంటే అయిపోతుంది అనుకుంటాడు. ఆ రెండేళ్లు పదిహేనవుతాయి, అది వేరే సంగతి.

వోల్ఫ్స్‌బర్గ్ ఇటాలియన్ లెక్క కూడా అదే. కాంట్రాక్టు మొదట ఒక్క ఏడాదికే. జీతం మాత్రం జర్మన్ కార్మికుడితో సమానం. ఒప్పందంలో అలా రాసుకున్నారు, గల్ఫ్‌తో పోల్చలేనిది ఇక్కడే. చెక్క ఇంట్లో చౌకగా ఉంటే మిగిలేది ఎక్కువ, ఇంటికి పంపేది ఎక్కువ. ఈ ఊళ్ళో ఖర్చు పెట్టే ప్రతి మార్కూ అక్కడ కట్టుకోబోయే ఇంట్లో ఒక రాయి తగ్గినట్టే. ఇలాంటి మనిషికి జర్మన్ అమ్మాయితో ప్రేమ అంటే ఏమిటో ఆలోచించండి. ఆదివారం మంచి చొక్కా వేసుకుని ఊళ్ళోకి వెళ్ళడం, కాఫీకి, సినిమాకి డబ్బులు పెట్టడం వరకు సరే. అంతకు మించి వెళ్తే లెక్క మొత్తం తారుమారు. ఇంకో గది అద్దె, ఇంకో భాష, తిరిగి వెళ్ళడం అనే మాటకే అర్థం మారిపోవడం. అప్పుడప్పుడు జర్మన్ పత్రికలు ఈ కుర్రాళ్ళని అమ్మాయిల వెంటపడేవాళ్ళుగా, ఆవేశపరులుగా బొమ్మ కట్టేవి. ఏడాది తిరక్కుండానే సామాను సర్దుకుని వెళ్ళిపోయినవాళ్ళు బోలెడుమంది అన్న సంగతి ఆ బొమ్మలో ఇమడదు. ఆవేశం మోసుకుపోతే మనిషి ఉండిపోతాడు గానీ, టికెట్ కొనుక్కోడు.

లెక్కలో ఇంకొక మనిషి ఉంది. దక్షిణ ఇటలీలో వలస వెళ్ళినవాళ్ళ భార్యల్ని 'తెల్ల వితంతువులు' అనేవాళ్ళు. భర్త బతికే ఉన్నాడు, డబ్బు వస్తోంది, మనిషి లేడు. ఆ కాలంలో ఇటలీలో విడాకులు అనేదే లేదు. ఆ చట్టం 1970 డిసెంబర్‌లో వచ్చింది. దాన్ని రద్దు చెయ్యాలని 1974 మేలో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు, ఓటర్లు ఒప్పుకోలేదు. కాబట్టి 1965లో ఒక పెళ్లయిన కార్మికుడు ఇక్కడ ఒకామెను ఎంత నిజంగా ప్రేమించినా, దానికి చట్టం ముందు ఒక రూపం ఇచ్చే దారి లేదు. అక్కడ భార్యకీ విడుదల లేదు, ఇక్కడ ఈమెకీ స్థానం లేదు. ప్రేమకథలు రాసేవాళ్ళు ఇలాంటి చోట అతని మనసులో తుపాను రేగింది అంటారు. రేగే ఉంటుంది. కానీ తుపాను సగం రోములో ఉన్న చట్టం పుట్టించింది.

ఇక ఈ కథలో ఎప్పుడూ పక్కనే నిలబడి ఉండే జర్మన్ అమ్మాయి దగ్గరికి వద్దాం. బ్రిగిట్టె లాంటి పాత్రల వల్ల ఆమె చల్లటి మనిషిగా, ఆడుకునే మనిషిగా గుర్తుండిపోయింది. కాగితాలు తీసి చూస్తే పోగొట్టుకునేది ఎక్కువ ఆమెకే.

మొదట జ్ఞాపకం. ఈ ఊరు పుట్టిందే 1938లో, కారు ఫ్యాక్టరీ కోసం నాజీలు కట్టిన ఊరు. ఫ్యాక్టరీలో యుద్ధకాలంలో వేలమంది బలవంతపు కార్మికులు పనిచేశారు. 1940 మార్చి 8న వచ్చిన ఉత్తర్వుల ప్రకారం జర్మన్ స్త్రీతో సంబంధం పెట్టుకున్న పోలిష్ కార్మికుడికి ఉరే. ఆ స్త్రీలకు గుండు కొట్టించి ఊరేగించిన ఘటనలు దేశమంతటా ఉన్నాయి. 1962లో ఇటాలియన్ కుర్రాడి పక్కన నడుస్తున్న ఇరవయ్యేళ్ల అమ్మాయి అప్పటికి పుట్టి ఉంటే పసిపిల్ల. వాళ్ళమ్మ మాత్రం అన్నీ చూసిన మనిషి. విదేశీయుడితో కనిపించకు అని తల్లి అన్నప్పుడు అందులో ఎంత బుద్ధి, ఎంత పాత భయం ఉందో విడదీయడం నా వల్ల కాదు.

తర్వాత చర్చి. అతను కాథలిక్, ఈ ప్రాంతంవాళ్ళు ఎక్కువగా ప్రొటెస్టెంట్లు. అప్పటి కాథలిక్ నియమాల ప్రకారం అన్యశాఖవాళ్ళని పెళ్లాడాలంటే ప్రత్యేక అనుమతి కావాలి, పిల్లల్ని కాథలిక్కులుగానే పెంచుతామని మాట ఇవ్వాలి. ప్రొటెస్టెంట్ పాస్టరు ముందు పెళ్లి చేసుకుంటే అతన్ని సంఘంనుంచి వెలి వేసేవాళ్ళు. ఈ పట్టు 1966లో కొంత, పోప్ ఆరవ పాల్ 1970లో ఇచ్చిన ఉత్తర్వుతో ఇంకొంత సడలింది.

తర్వాత గది. పెళ్లికాని జంటకి గది అద్దెకిచ్చిన యజమాని మీద కేసు పెట్టే వీలు జర్మన్ శిక్షాస్మృతిలో ఉండేది. 1970ల మొదట్లో సంస్కరించేదాకా ఆ భయం తొలగలేదు. కంచె లోపలికి ఆమె వెళ్ళలేదు, కంచె బయట వాళ్ళకి తలుపు లేదు.

అన్నిటికన్నా నన్ను ఆపేసింది పిల్లల సంగతి. ఇది కొంచెం నిదానంగా చదవండి. 1953 దాకా విదేశీయుణ్ణి పెళ్లాడిన జర్మన్ స్త్రీ మామూలుగా తన పౌరసత్వమే పోగొట్టుకునేది. అది పోయింది. కానీ పెళ్లిలో పుట్టిన బిడ్డకి తండ్రి పౌరసత్వమే వచ్చే పద్ధతి మిగిలింది. అంటే 1964లో ఒక జర్మన్ అమ్మాయి ఇటాలియన్‌ని చేసుకుని వోల్ఫ్స్‌బర్గ్ ఆస్పత్రిలో కంటే, ఆ బిడ్డ పుట్టిన ఊళ్ళోనే విదేశీయుడు. అదే అమ్మాయి అదే మనిషితో పెళ్లి చేసుకోకుండా కంటే బిడ్డ జర్మన్! అలాగని రెండో దారి సుఖమా అంటే, 1970 జూలైలో కొత్త చట్టం అమల్లోకి వచ్చేదాకా పెళ్లికి బయట పుట్టిన బిడ్డకి, కన్నతండ్రికి చట్టం దృష్టిలో బంధుత్వమే లేదు. బిడ్డకి సంరక్షకుడిగా యూగెండ్‌ఆమ్ట్, అంటే పిల్లల వ్యవహారాలు చూసే ప్రభుత్వ ఆఫీసు, వచ్చి కూర్చునేది. జర్మనీలో పిల్లల్ని పెంచుతున్న తెలుగువాళ్ళకి ఆ పేరు వింటే ఎలా ఉంటుందో తెలుసు.

ఇప్పుడు చెప్పండి, ఆమె మనసు మాట వినాలా, బుర్ర మాట వినాలా? బుర్ర మాట వినాలంటే అసలు బుర్ర ఏం చెప్పాలి? పెళ్లి చేసుకోమనా, మానమనా? పరువు కోసం పెళ్లి చేసుకుంటే బిడ్డ పౌరసత్వం పోతుంది, పౌరసత్వం కోసం పెళ్లి మానేస్తే పరువూ, బిడ్డకి తండ్రీ పోతారు. ఇలాంటి చోట పెళ్లి చేసుకున్నవాళ్ళని ఆవేశంలో చేసుకున్నారు అనడం అన్యాయం. వాళ్ళు అన్ని వైపులా లెక్క వేసి, ఏ లెక్కా కుదరక, ఒక దారి పట్టినవాళ్ళు. లెక్కలమనిషి అనుకున్న జర్మన్ అమ్మాయి అన్నిటికీ తెగించడం, ఆవేశపరుడు అనుకున్న సిసిలీ కుర్రాడు బ్యాంకు పుస్తకం చూసుకుని రైలెక్కడం, ఈ ఊళ్ళో రెండూ జరిగాయి. ఉల్టాగానూ జరిగి ఉంటాయి, కాదనను.

మన భాషలో ఈ చీలిక అంత తేలిగ్గా కుదరదనిపిస్తుంది నాకు. తెలుగులో ఆలోచించేదీ మనసే, ప్రేమించేదీ మనసే. మనసులో అనుకున్నాను అంటాం, మనసు పడ్డాను అంటాం. కఠోపనిషత్తులో ఆ రథం పోలిక ఉంది కదా, అందులో బుద్ధి సారథి, మనసు కళ్ళెం, గుర్రాలు ఇంద్రియాలు. అక్కడ మనసు సారథికి శత్రువు కాదు, సారథి చేతిలోని పరికరం. నాకు ఆ పోలికలో కనబడనిది ఒక్కటే, రోడ్డు ఎవరు వేశారు అని. వోల్ఫ్స్‌బర్గ్ కథలో పెద్ద పాత్ర రోడ్డుదే.

రోడ్డు మారిన తీరు చూడండి. 1968లో యూరోపియన్ ఉమ్మడి మార్కెట్ దేశాల మధ్య కార్మికుల రాకపోకలకి పూర్తి స్వేచ్ఛ వచ్చింది. ఇటాలియన్‌కి ఇక ఏడాది కాంట్రాక్టు మీద బతుకు వేలాడే పని లేదు. 1971 మే 4న జర్మన్ రాజ్యాంగ న్యాయస్థానం ఒక తీర్పు ఇచ్చింది. ఒక స్పెయిన్ దేశస్థుడు విడాకులు తీసుకున్న జర్మన్ స్త్రీని పెళ్లాడాలనుకున్నాడు. విదేశీయుడు ఇక్కడ పెళ్లి చేసుకోవాలంటే అతని పెళ్లికి అడ్డేమీ లేదని సొంతదేశం కాగితం ఇవ్వాలి. స్పెయిన్ చట్టం విడాకుల్ని ఒప్పుకోదు, ఆమె దాని దృష్టిలో ఇంకా పరాయివాడి భార్యే. అందుకని ఇక్కడి అధికారులు పెళ్లికి వీల్లేదన్నారు. జర్మన్ రాజ్యాంగం ఇచ్చిన పెళ్లి స్వేచ్ఛని వేరే దేశపు చట్టం ఇక్కడ అడ్డుకోలేదని కోర్టు తేల్చింది. 1972లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో రోజీ వోల్ఫ్-అల్మనస్రే చొరవతో, విదేశీయుల్ని పెళ్లాడిన జర్మన్ స్త్రీలు సంఘం పెట్టుకున్నారు. 1974 మే 21న అదే రాజ్యాంగ న్యాయస్థానం పిల్లల పౌరసత్వ నియమం కూడా చెల్లదంది. 1975 జనవరి 1నుంచి జర్మన్ తల్లి బిడ్డ, తండ్రి ఎవరైనా, జర్మన్.

జర్మనీ వెనకబడింది అనుకోకండి. విదేశంలో పుట్టిన బిడ్డకి భారతీయ తల్లి ద్వారా పౌరసత్వం రావడం మన దగ్గర 1992 డిసెంబర్‌తోనే మొదలైంది. అంతకుముందు తండ్రి భారతీయుడైతేనే.

అంటే 1964లో వెర్రి అనిపించుకున్న అదే పెళ్లి 1975లో మామూలు పెళ్లి. ఆ అమ్మాయి మనసు మారలేదు, అబ్బాయి మనసు మారలేదు. నువ్వు బుర్రతో ఆలోచించు అని వాళ్ళకి హితవు చెప్పిన పెద్దవాళ్ళు ఏ లెక్క పుస్తకం చూసి చెప్పారో ఆ పుస్తకం మారింది.

విచిత్రం, సరిగ్గా ఆ రోజుల్లోనే ఫ్యాక్టరీ ఇంకో పరీక్ష పెట్టింది. చమురు సంక్షోభంతో కార్లు అమ్ముడుపోలేదు. 1974, 1975లో ఫోక్స్‌వ్యాగన్ వేలమందికి డబ్బిచ్చి, రాజీనామా రాసి వెళ్ళమంది. విదేశీ కార్మికులు పెద్ద సంఖ్యలో తీసుకున్నారు. ఇక్కడ ఒక జంటని ఊహించుకోండి. చేతికొచ్చే మొత్తంతో అతని ఊళ్ళో ఇల్లు పూర్తవుతుంది, పన్నెండేళ్ల కింద రైలు దిగినప్పుడు అనుకున్నది నెరవేరుతుంది. ఇక్కడ ఆమె ఉంది, బిడ్డకి ఇప్పుడిప్పుడే జర్మన్ కాగితం వచ్చే వీలు కలిగింది. సంతకం పెట్టడానికి గడువు మాత్రం ఎక్కువ లేదు. ఇద్దరిలో ఎవరిది బుర్ర, ఎవరిది మనసు అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇల్లు కట్టుకోవాలనేది బుర్రా? సొంత ఊరి మట్టి మీద మమకారం అంతకన్నా పెద్ద ఆవేశం కాదూ?

ఒక తేడా మాత్రం స్పష్టం. 1973 నవంబర్ 23న జర్మనీ బయటి దేశాలనుంచి కార్మికుల్ని తెచ్చుకోవడం ఆపేసింది. ఆ తర్వాత ఒక టర్కీ కార్మికుడు వెళ్ళిపోతే తలుపు మూసుకున్నట్టే. కాబట్టి అతను ఉండిపోయాడు, కుటుంబాన్ని తెచ్చుకున్నాడు. ఇటాలియన్‌కి ఉమ్మడి మార్కెట్ ఉంది, వెళ్ళి మళ్ళీ రావచ్చు. అందుకే ఇటాలియన్ల జీవితాలు ఊయలలాగా నడిచాయి: రెండేళ్లక్కడ, నాలుగేళ్లిక్కడ. ప్రేమకి ఇది మేలు చేసిందా అంటే చెప్పలేను. చివరి నిర్ణయం తీసుకునే అవసరం లేకపోవడం కొందరికి వరం, స్టేషన్‌లో ఎదురుచూసేవాళ్ళకి మాత్రం కాదు.

ఉండిపోయినవాళ్ళు ఉండిపోయారు. వాళ్ళు పెట్టుకున్న ఫుట్‌బాల్ క్లబ్బు పేరు లూపో, ఇటాలియన్‌లో తోడేలు. ఊరి పేరులోని వోల్ఫ్‌ని తమ భాషలోకి తెచ్చుకున్నారన్నమాట. జర్మన్, ఇటాలియన్ రెండు భాషల్లోనూ చదువు చెప్పే బడి కూడా ఈ ఊళ్ళో ఉంది.

మళ్ళీ సినిమాలో కోర్టు దగ్గరికి వెళ్తే, నికోలా ఒప్పుకోలు గురించి నా అభిప్రాయం ఇది. చాలామంది దాన్ని సిసిలీ పరువు, ఆవేశం అంటారు. నాకు అలా అనిపించదు. అతని తరఫున వాదించేవాళ్ళు చెప్పదలచుకున్నది ఇతనికి ఆ క్షణంలో తెలివి లేదు, ఆవేశమే చేయించింది అని. ఇతను కాదంటున్నాడు: నాకు తెలుసు, తెలిసే చేశాను అని. చేసినది ఘోరం, దానికి వెనకేసుకు రావడానికి ఏమీ లేదు. కానీ ఆ సినిమా మొత్తం మీద నికోలాని ఆలోచించే మనిషిగా లెక్కలోకి తీసుకున్నది ఆ గదిలో నికోలా ఒక్కడే.

వచ్చే ఎపిసోడ్‌లో ఇంకా వెనక్కి వెళ్తాం. 1938లో ఈ ఊరు కట్టడానికి వచ్చిన ఇటాలియన్లు, 1943 తర్వాత అదే ఫ్యాక్టరీలోకి బందీలుగా వచ్చిన ఇటాలియన్ సైనికులు. 1962లో రైలు దిగినవాళ్ళు ఈ ఊరికి వచ్చిన మూడో విడత.